సంక్రాంతి వంటలు, రైతు దేహము

ధనుర్మాసము ముగియవచ్చినది. మాసూళ్ళు చాలవరకు ఇండ్లకు చేరినవి. కొత్త బియ్యము, కొత్త బెల్లము వంటయిండ్లలోనికి వచ్చినవి. ఇక భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ వరుసగా వచ్చును. ఎరువులను గూర్చియో, రెండవ పంట విత్తనములను గూర్చియో వ్రాయవలసిన చోట పిండివంటలను గూర్చి వ్రాయుటేమని మన సభ్యులలో కొందరు నవ్వుకొనవచ్చును. పండించు దేహము నిలిచిననే గదా ఎరువుతోను విత్తనముతోను పని! కావున ఈ మాసము ఈ విషయమునే ఎత్తుకొంటిమి.

పండుగనాడు పథ్యము చేయుడని మేము చెప్పబోము. అట్లు చెప్పినను వినువారుండరు. మేము చెప్పదలచినది వేరు.

మన పండుగ వంటలు ఎట్టివారి కొరకు ఏర్పడినవో ఒకసారి ఆలోచింపవలెను. వరి కోసి, పనలు కట్టి, మోపులు మోసి, కుప్పలు వేసి, పశువులచే త్రొక్కించి, తూర్పారబట్టి, బస్తాలు భుజముపై ఇంటికి చేర్చిన మనుష్యుని కొరకు అరిసె పుట్టినది. ఆ అరిసెను చేయు ఇల్లాలు సయితము నానిన బియ్యమును రోటిలో పోసి, తోడికోడలితో గూడి, రోకలి పోటు మీద పోటు వేసి దంచెడిది. తినుటకు ముందే సగము ఖర్చు దేహమునందు వ్రాయబడి యుండెడిది. నేడు కోతయంత్రము కొంత సేపటిలోనే ఎకరము చేనును కోసి, నూర్చి, గింజలను ట్రాక్టరులో పోయుచున్నది. పిండి మరలో ఆడుచున్నది. పొలమునకు పోవుట మోటారుసైకిలు మీద. యంత్రములను మేము నిందింపము. కూలి దొరకని కాలమున అవి లేకున్న పంట చేనులోనే రాలిపోవును. కాని శ్రమ తగ్గినది, అరిసెలు తగ్గలేదు.

ఈ సంగతి ఎద్దు విషయమున మనకు బాగుగా తెలియును. దుక్కి లేని దినములలో ఎద్దునకు దాణా తగ్గింతుము. పనిలేని పశువునకు గింజ ఎక్కువ పెట్టినచో ఏమగునో ఎవరును మనకు చెప్పనక్కరలేదు. ఆ తెలివిని మన విస్తరి వద్ద ఏల ఉపయోగింపరాదు?

లెక్క చూతము. ఒక అరిసెలో 20 గ్రాముల పిండి, 15 గ్రాముల బెల్లము, 8 గ్రాముల నూనె యున్నవనుకొందము. పిండియు బెల్లమును గ్రామునకు ఇంచుమించు 4 కేలరీల శక్తినిచ్చును. నూనెయు నెయ్యియు 9 ఇచ్చును. మొత్తము 200 కేలరీలకు అటునిటుగా తేలును. 60 కిలోల మనుష్యుడు మామూలు నడకతో గంటసేపు నడచినచో ఖర్చగునది ఇంతయే. నాలుగు అరిసెలు తిని నాలుగు గంటలు నడచువారు ఎంతమంది? కావున ముందుగా చేతిని పట్టుకొనవలెను. కాళ్ళకు పని చెప్పుట దానికి తోడు మాత్రమే.

మూడు దినముల భోజనముచే ఎవరికిని గొప్ప ముప్పు రాదు. ముప్పు డబ్బాలలో నున్నది. అరిసెలు, జంతికలు, తెలంగాణమున సకినాలు డబ్బాల కొలది చేసి నింపుదుము. పండుగ వెళ్ళిన పిమ్మట ఉదయము కాఫీతో రెండు, సాయంకాలము టీతో రెండు, నడుమ దారిన పోవుచు ఒకటి. ఇట్లు మూడు నాళ్ళ పండుగ ముప్పది నాళ్ళగుచున్నది. అమెరికా దేశమున 195 మంది పెద్దల బరువును పండుగ దినములకు ముందును తరువాతను తూచి చూచిన పరిశోధన యొకటి 2000 సంవత్సరమున ప్రచురింపబడినది. వారు పండుగలలో పెరిగినది సగటున 370 గ్రాములే. అరకిలో అయినను లేదు. ఐతే ఆ పెరిగినది తరువాతి మాసములలో తరుగలేదు. ఏటేట కొంచెము తీసికొని ఎన్నడును తీర్పని అప్పు పదియేండ్లకు ఏమగునో సహకార సంఘ సభ్యులకు మేము వేరుగా వివరింపనేల?

చక్కెర వ్యాధి పట్టణ వాసులదని, కష్టజీవులకు అది రాదని మన పల్లెలలో ఇంకను ఒక నమ్మకము కలదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతట జరిపిన పరిశీలన ఫలితములు 2023 లో వెలువడినవి. పట్టణములలో నూటికి 16 మందికిని, గ్రామములలో నూటికి 9 మందికిని ఆ వ్యాధి యున్నదని తేలినది. వ్యాధికి ముందు దశలో నున్నవారు మాత్రము పట్టణమునను పల్లెయందును సమానముగా, నూటికి 15 మంది చొప్పున ఉన్నారు.

రైతునకు ఈ వ్యాధి చేయు కీడు ఇతరులకన్న ఎక్కువయనియే మా అభిప్రాయము. బల్ల వద్ద కూర్చుండువాడు చెప్పులతో తిరుగును. రైతు బురదలో, మొండికట్టెలలో, ముండ్లలో ఒట్టికాళ్ళతో నడచును. చాలకాలము చక్కెర హెచ్చియున్నవానికి పాదముల స్పర్శ సన్నగిల్లును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. తెలిసిన నాటికి పుండగును, పుండు మానదు, ముదిరినచో వ్రేలు గాని పాదము గాని తీయవలసివచ్చును. కాలు పోయిన రైతునకు కౌలుదారుడే గతి. అట్టివారు దినమునకొకసారి అరికాళ్ళను తడిమి చూచుకొనవలెను. పండుగ పేర చెప్పులు విడిచి తిరుగు ఈ దినములలో మరియు ముఖ్యము.

బెల్లము చక్కెర వంటిది కాదు, తినవచ్చునని చెప్పువారు ప్రతి యింటను ఒకరుందురు. బెల్లములో కొద్దిగా ఖనిజములున్నమాట నిజమే. కాని అందలి పెద్దభాగము చక్కెరయే. సకినాలు తీపి కావు గనుక అవి ఎన్నియైనను తినవచ్చుననుట మరియొక పొరపాటు. అవి బియ్యపు పిండియు నూనెయు గదా. ఇంకొక మాట. చక్కెర వ్యాధికి మందు వాడువారు పూజ ముగియువరకు ఏమియు తినక, మాత్ర మాత్రము వేసికొని కూర్చుండుట ప్రమాదకరము. చెమటలు పట్టి, చేతులు వణకి, స్పృహ తప్పవచ్చును. పండుగ దినములలో మందు ఎట్లు తీసికొనవలెనో వైద్యుని ముందుగనే అడుగవలెను. ఖాళీ కడుపున కల్లు, సారాయి త్రాగుట అట్టివారికి ఇంకను చెఱుపు.

ఏమి తినవలెనన్న, ఈ ఋతువే చెప్పుచున్నది. చిక్కుడు, గుమ్మడి, వంకాయ, పచ్చి శనగలు, కందికాయలు, రేగుపండ్లు ఇప్పుడే వచ్చుచున్నవి. భోగినాటి పులగము, పెసరపప్పు పడిన మంచి ఆహారము. దానిమీది నెయ్యి గరిటెను మాత్రము చూచుకొనవలెను. అన్నము కొంత తగ్గించి, ఆ చోటును పప్పుతో, కూరలతో నింపినచో విస్తరి బోసిపోదు. వేపుడు నూనెను మరల మరల కాచి వాడరాదు.

వడ్డించు చేతికి సయితము ఒక మాట. కొసరి కొసరి వడ్డించుటయే ప్రేమయని మనవారి తలంపు. 2022 సంక్రాంతికి నరసాపురమున కాబోవు అల్లునికి 365 రకములు వడ్డించిరని పత్రికలలో చదివితిమి. ఆ యువకుడు అన్నిటిని రుచి చూచెనో లేదో గాని, మన యింటికి వచ్చిన మామగారికి చక్కెర వ్యాధి యున్నదని తెలిసియు ఇంకొకటి, ఇంకొకటి అని వేయుట మర్యాద కాదు.

ఇక కాళ్ళ పని. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. అది ఊరు విడిచి ప్రయాణము చేయుటను గూర్చినది గాని, మంచము దిగకుండుటను గూర్చినది కాదు. పెద్దలు వారమునకు 150 నిమిషములకు తక్కువ గాకుండ చురుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దినమునకు 20 నిమిషములు కొంచెము మించును. పొలము కిలోమీటరు దూరమున నున్నచో, ఈ దినములలో బండి తీయక నడచిపోయి గట్టు చూచి వచ్చినచో ఆ లెక్క తీరును. భోజనము కాగానే పడుకొనక పది నిమిషములు వీధిలో నడచినను రక్తములో చక్కెర పెరుగుట తగ్గును. పిల్లలతో చెడుగుడు ఆడగలవారు ఆడవచ్చును. నెత్తిన అక్షయపాత్రతో ఊరంతయు నడచు హరిదాసును ఉదాహరణముగా చూపుదమనుకొంటిమి. కొన్ని ఊళ్ళలో అతడును మోటారుసైకిలు మీద వచ్చుచున్నాడట!

స్త్రీల సంగతి వేరు. పండుగ దినములలో వారికి నిలుచుండు పని మెండు, తిండివేళ లేదు. అందరును తినిన పిమ్మట మిగిలిన పిండివంటతో కడుపు నింపుకొందురు. అట్టి ఇల్లాలికి మేము నడకను బోధింపము. మొదటి బంతిలోనే ఆమెను కూర్చుండబెట్టి, ఆ పూట ఇంటి పురుషులు వడ్డించిన చాలును.

మన సంఘపు గిడ్డంగిలో బస్తాలు తూచు కాటా కలదు. భోగికి ముందుదినమున ఉదయము, ఏమియు తినకమునుపు, దానిపై నిలుచుండి బరువు వ్రాసికొనుడు. తిరిగి రథసప్తమినాడు అదే వేళకు వచ్చి చూచుకొనుడు. పెరిగినచో డబ్బాలో మిగిలినవి ఎవరికైన పంచి, రాత్రి అన్నము ఒక గరిటె తగ్గింపవలెను. ముప్పది యేండ్లు దాటినవారు ఆ దారిననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి చక్కెరను, రక్తపు పోటును పరీక్ష చేయించుకొనుట మంచిది. అచ్చట అందులకు రుసుము లేదు. కాటా కడ గుమాస్తా నవ్వినయెడల, అతనిని గూడ ఎక్కించి తూచుడు.