పదిలమైన పద్దు

నెల్లూరు నగరానికి ఆగ్నేయ దిశలో, కండలేరు ఉప్పుటేరు బంగాళాఖాతంలో కలిసే చోట కృష్ణపట్నం ఉన్నది. 2008లో ఇక్కడ ఆధునికమైన ఓడరేవు ప్రారంభమైన తరువాత ఈ తీరానికి కొత్త కళ వచ్చింది. రేవుకు వచ్చే మహానౌకలను చూసేవారి కంటికి, వాటి నీడలో జీవించే చిన్న వ్యాపారాలు సులభంగా కనిపించవు. లారీల రవాణా కార్యాలయాలు, మంచు తయారుచేసే కర్మాగారాలు, పడవల మరమ్మతు చేసే దుకాణాలు, రొయ్యల మేత అమ్మే అంగళ్లు మొదలైనవి ఈ కోవకు చెందినవే. వీటిలో పనిచేసేవారు ఇద్దరో ముగ్గురో. పెట్టుబడి కొద్దిపాటిది. కాని అక్కడి పద్దులపై ఎన్నో కుటుంబాల బతుకు ఆధారపడి ఉంటుంది.

మేత అమ్మే అంగడినే ఉదాహరణగా తీసుకోవచ్చు. రొయ్యల రైతు సాధారణంగా మేతను అప్పుగా తీసుకొని, చెరువు పట్టుబడి అయిన తరువాత సొమ్ము చెల్లిస్తాడు. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకొన్నారో, ఎంత జమ చేశారో, ఇంకా ఎంత బాకీ ఉన్నదో తెలిపేది పద్దు మాత్రమే. పూర్వం ఈ పద్దులు చిట్టా, ఆవర్జా పుస్తకాలలో ఉండేవి. నేడు అవి కంప్యూటరులోకి చేరాయి. కంప్యూటరు చెడిపోతే కొత్తది కొనవచ్చు. పద్దు పోతే దానిని ఏ అంగడిలోనూ కొనలేము. బాకీ రాబట్టుకోలేక వ్యాపారి నష్టపోతాడు. సొమ్ము చెల్లించిన రైతు సైతం తాను చెల్లించినట్లు నిరూపించుకోలేక చిక్కులలో పడతాడు. పద్దుతో పాటు వారిద్దరి మధ్య ఉన్న నమ్మకం కూడా నశిస్తుంది.

ఇటువంటి ఆపదను నివారించడానికి సమాచారాన్ని మరొక చోట నకలు చేసి ఉంచే పద్ధతినే 'బ్యాకప్' అంటారు. అయితే నకలు తీసినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ నకలును మోసే సాధనం కూడా నశించే వస్తువే. దాని స్వభావాన్ని తెలిసికొంటే గాని దానిని కాపాడడం సాధ్యం కాదు.

హార్డ్ డిస్కులో వేగంగా తిరిగే బిళ్లలపై అయస్కాంత ధర్మంతో సమాచారం నిక్షిప్తమవుతుంది. ఆ బిళ్లకు, దానిని చదివే భాగానికి మధ్య ఉండే ఎడం తలవెంట్రుక మందంలో వేయవ వంతు కంటె తక్కువ. అందువల్ల పనిచేస్తున్న డిస్కు చేయిజారి కిందపడితే లోపలి బిళ్లలు గీసుకొని పోయే ప్రమాదం ఉన్నది. పెన్ డ్రైవులో తిరిగే భాగాలు ఉండవు. అందులో సమాచారం సూక్ష్మమైన అరలలో విద్యుదావేశ రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే ఆ ఆవేశం మెల్లమెల్లగా తగ్గిపోవచ్చును. వేడి ఎక్కువైన కొద్దీ ఈ క్షీణత వేగవంతమవుతుంది. సీడీ, డీవీడీలలో రాతను నిలిపే రంగుపొర ఎండకు, వేడిమికి చెడిపోతుంది.

కృష్ణపట్నం వంటి తీరప్రాంతంలో ఈ బాధలకు సముద్రపు గాలి కూడా తోడవుతుంది. ఆ గాలిలో ఉప్పు కణాలు ఉంటాయి. ఉప్పు తేమను పీల్చుకొనే గుణం కలది. తేమతో కలిసిన ఉప్పు లోహాన్ని తినివేస్తుంది. కిటికీ గ్రిల్లును తుప్పు పట్టించే ఆ గాలియే డిస్కు చివర ఉన్న సన్నని లోహపు అతుకులనూ పాడుచేస్తుంది. కాబట్టి డిస్కును తడి చొరని మూత గట్టి డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఉంచాలి. ఆ పొట్లాలను అప్పుడప్పుడు మార్చాలి. చల్లని ఏసీ గదిలోని డిస్కును ఉక్కగా ఉన్న బయటి గాలిలోకి తెస్తే దానిపై నీటి బిందువులు ఏర్పడతాయి. అది గది వేడికి వచ్చి, తడి ఆరిన తరువాతనే కంప్యూటరుకు తగిలించాలి.

ఇనుప బీరువాలో పెట్టాము గనుక భయం లేదని కొందరు భావిస్తారు. కాగితాలను అగ్ని నుండి కాపాడే పెట్టెలను లోపలి వేడి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటకుండా తయారుచేస్తారు. కాగితం ఆ వేడిని తట్టుకొంటుంది. డిస్కు తట్టుకోలేదు. డిస్కులను భద్రపరచే ప్రత్యేకమైన పెట్టెలలో లోపలి వేడి సుమారు 52 డిగ్రీలకు మించకూడదని ప్రమాణం.

ఇక ఈ సీమకు తుపానులు, వరదలు కొత్త కాదు. 1989 నవంబరులో కావలి సమీపంలో తీవ్రమైన తుపాను తీరం దాటింది. 2021 నవంబరులో పెన్నానది వరద నెల్లూరు, కోవూరు ప్రాంతాలను అతలాకుతలం చేసింది. అంగడిలో కంప్యూటరు, దాని పక్క సొరుగులోనే నకలు ఉంటే ఒకే వరదకు రెండూ బలి అవుతాయి. నకలును నెల్లూరులోని బంధువుల ఇంట ఉంచినా, అదే తుపాను అక్కడికీ చేరవచ్చును. అందుచేత నిపుణులు ఒక సూత్రాన్ని చెబుతారు. సమాచారం మూడు ప్రతులుగా ఉండాలి. అవి రెండు విధాలైన సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి దూరప్రాంతంలో ఉండాలి. ఆ దూరపు ప్రతిని కడపలోనో, హైదరాబాదులోనో నమ్మకస్థుల వద్ద ఉంచవచ్చును. లేదా ఇంటర్నెట్ ద్వారా సుదూర సర్వరులో దాచవచ్చును. ప్రతి ఎక్కడ ఉన్నా అన్యులు చదవలేని విధంగా దానికి రహస్య సంకేత రక్షణ కల్పించాలి. వినియోగదారుల వివరాలు పరుల చేతికి చిక్కడమూ నష్టమే.

ప్రకృతి వలన కాక మనుషుల వలన కలిగే ఆపదలు మరికొన్ని ఉన్నాయి. 2017 మేలో 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచంలోని అనేక దేశాల కంప్యూటర్లలోని సమాచారానికి తాళం వేసి, విడుదలకు సొమ్ము కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. ఎల్లప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉన్న నకలుకు కూడా ఇటువంటి తాళమే పడుతుంది. కాబట్టి పని ముగిసిన వెంటనే ఒక ప్రతినైనా విడదీసి ఉంచడం అవసరం.

ఈ జాగ్రత్త వ్యాపారి ఇష్టానికి వదిలిన విషయం కాదు. జీఎస్టీ చట్టం క్రింద నమోదైన వ్యాపారి తన లెక్కలను, వార్షిక రిటర్నుకు నిర్ణయించిన గడువు తేదీ నుండి 72 నెలల వరకు భద్రపరచాలి. ప్రమాదం వల్లనో, ప్రకృతి కారణాల వల్లనో కంప్యూటరులోని లెక్కలు నశిస్తే, తగిన వ్యవధిలో వాటిని తిరిగి పొందగలిగేలా నకలు ఉంచాలని ఆ చట్టపు నియమాలే చెబుతున్నాయి.

సాధనాలు నవీనమైనవే కాని ఈ ఆలోచన తెలుగువారికి పరాయిది కాదు. తాటాకు శిథిలం కాకముందే దానిలోని గ్రంథాన్ని కొత్త ఆకులపైకి ఎత్తి రాయడం మన లేఖకుల ఆచారం. నీటి నుండి, నూనె నుండి, వదులుగా కట్టిన కట్టు నుండి గ్రంథాన్ని కాపాడవలసిందని వారు ప్రతుల చివర ప్రార్థించేవారు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి.బ్రౌను ఊరూరా తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పండితులచేత శుద్ధ ప్రతులు రాయించడం వల్లనే ఎన్నో కావ్యాలు మనకు దక్కాయి. అన్నమాచార్యుని సంకీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని చిన్న గదిలో భద్రపరచారు. రాగి చెడలేదు. కాని కాలక్రమంలో ఆ రేకుల సంగతి లోకం మరచిపోయింది. 1922 ప్రాంతంలో అవి మళ్లీ వెలుగు చూసేవరకు వేలకొలది సంకీర్తనలు ఉండీ లేనట్లే అయ్యాయి.

సాధనం ఎంత దృఢమైనదైనా, దాని ఉనికిని ఎరిగినవారు లేకపోతే అది నిరుపయోగమే అని ఈ చరిత్ర బోధిస్తున్నది. అందువల్ల ప్రతి డిస్కుపైన తేదీని, అందులోని విషయాన్ని రాసి అంటించాలి. ఏ ప్రతి ఎక్కడ ఉన్నదో ఒక పుస్తకంలో నమోదు చేసి, ఆ సంగతిని ఇంటిలో మరొకరికి తెలియజేయాలి. నెలకొకసారి నకలును వేరొక కంప్యూటరులో తెరిచి, పద్దులు సరిగా ఉన్నవో లేవో పరీక్షించాలి. తెరిచి చూడని నకలు, నీరున్నదో లేదో తెలియని బావి వంటిది. కొన్నేళ్లకొకసారి పాత సాధనం నుండి కొత్తదానికి సమాచారాన్ని మార్చాలి. ఇది తాటాకు మార్చిన లేఖకుని పనియే.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. తుపాను హెచ్చరిక వినబడిన నాడు పడవను ఒడ్డుకు లాగి కట్టడం తీరవాసులకు తెలిసిన విద్య. పద్దుల విషయంలో మాత్రం ఆ పని హెచ్చరికకు ముందే జరగాలి. చిన్న వ్యాపారి దాచిన ఆ చిన్న డిస్కులో ఉన్నవి అంకెలు మాత్రమే కావు. ఇచ్చినవారి న్యాయం, పుచ్చుకొన్నవారి నిజాయితీ అందులో ఉన్నాయి. వాటిని పదిలంగా కాపాడడం వ్యాపార ధర్మం.