మీకు తెలుసా? రిమాండుకు 2 గంటల ముందే!

ఎందుకు అరెస్టు చేస్తున్నారో పోలీసులు నోటితో చెప్తే సరిపోదు! కాగితం మీద రాసివ్వాలి. అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో! తెలుగు తప్ప మరో భాష రానివాళ్ల చేతిలో ఇంగ్లీషు కాగితం పెడితే కుదరదు. చిన్న కేసయినా, పెద్ద కేసయినా ఇదే లెక్క. అప్పటికప్పుడు రాసివ్వడం వీలు కాలేదా? ముందు నోటితో చెప్పొచ్చు. కానీ మేజిస్ట్రేటు ముందు రిమాండుకు పెట్టడానికి కనీసం 2 గంటల ముందు ఆ కాగితం అందాలి! లాయరు దాన్ని చదవాలి, రిమాండు ఎందుకు వద్దో వాదించాలి. అందుకే ఆ గడువు. ఇవ్వలేదా? అరెస్టూ చెల్లదు, రిమాండూ చెల్లదు! సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చి చెప్పింది.

విచారణకు రమ్మనే నోటీసు వాట్సాప్‌లో పంపకూడదు! మనందరికీ 41ఏ నోటీసుగా తెలిసిందే, ఇప్పుడది కొత్త నేర విచారణ చట్టంలో సెక్షన్ 35. దానికి స్పందించకపోతే అరెస్టు చేసే వీలుంది మరి! చూడని మెసేజీ వల్ల మనిషి జైలుకెళ్తే ఎంత అన్యాయం!

ఇంట్లో పెద్దవాళ్లున్నారా? ఇది వాళ్లకు చెప్పండి! 60 ఏళ్లు దాటినవారిని చిన్న కేసుల్లో ఎస్సై తనంతట తాను అరెస్టు చెయ్యలేరు. డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ఉండాల్సిందే!

నన్నడిగితే అన్నిట్లోకీ గొప్పది ఇదిగో! ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో 3వ వంతు జైల్లోనే గడిపేశాడా? బాండు మీద వదిలెయ్యాలి! మూడేళ్ల శిక్ష పడే కేసయితే ఏడాది నిండగానే అన్నమాట. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. అసలు అద్భుతం ఇంకా ఉంది! కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది ఎవరో తెలుసా? ఆ జైలు సూపరింటెండెంటే! కోర్టుల చుట్టూ తిరిగే దిక్కులేని పేదవాడికి ఇంతకంటే ఏం కావాలి! కొత్త చట్టం రాకముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పేసింది. ఇప్పటికీ ఈ సంగతి తెలియని కుటుంబాలు ఎన్నో!

బెయిలు ఇస్తాం, కానీ ఫోన్లో గూగుల్ మ్యాప్ లొకేషన్ పోలీసులకు పంపుతూ ఉండు! ఇలాంటి షరతు చెల్లదు! మనిషి ప్రతి కదలికనూ గమనిస్తూ ఉండటం వ్యక్తిగత గోప్యతను హరించడమేనంటూ 2024 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

లాయరుకు డబ్బుల్లేవా? కస్టడీలో ఉన్న ఎవరైనా ఉచితంగా లాయరును కోరవచ్చు! ఆదాయంతో పనిలేదు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ అంతే! న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100. ఇప్పుడే ఫోన్లో దాచుకోండి!