బీమా ఉన్న రైతు ఏమి విత్తుతాడు? మెట్ట ప్రాంత ప్రయోగం – కృష్ణా డెల్టాకు అన్వయం

ఆర్థిక విపణుల అధ్యయనానికి ప్రసిద్ధి చెందిన పత్రికలలో 1988లో ప్రారంభమైన ‘రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్’ ఒకటి. వాటాలు, బ్యాంకులు, వడ్డీ రేట్లు దాని నిత్య విషయాలు. అటువంటి పత్రికలో 2017లో ఆముదం, వేరుశనగ సాగుచేసే ఆంధ్ర రైతులపై ఒక పరిశోధనా వ్యాసం వెలువడింది. షాన్ కోల్, జేవియర్ జినే, జేమ్స్ వికరీ దీని రచయితలు.

వర్షపాత బీమా ఈ రైతులకు అంతకుముందే పరిచయం. 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు మహబూబ్‌నగర్ జిల్లాలో దానిని ప్రారంభించాయి. ఈ బీమాలో పంటను ఎవరూ తనిఖీ చేయరు. సమీప కేంద్రంలో నమోదైన వర్షపాతాన్ని బట్టి పరిహారం నిర్ణయమవుతుంది. అందువల్ల ఖర్చు తక్కువ, చెల్లింపు త్వరితం. అయితే వర్షమాపకం చెప్పినదానికీ, పొలంలో జరిగినదానికీ తేడా రావచ్చు. సూచిక ఆధారిత బీమాకు ఇదే ప్రధాన లోపం.

ప్రయోగంలో కొందరు రైతులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి ఉచితంగా బీమా ఇచ్చారు. మిగిలినవారికి వర్షంతో నిమిత్తం లేకుండా సీజను చివర నిర్ణీత మొత్తం ఇస్తామని హామీ ఇచ్చారు. ఈ ఏర్పాటు వెనుక ఆలోచన గమనించదగినది. ఒక వర్గానికే ప్రయోజనం కలిగితే, ఫలితం బీమాదో, చేతికి రాబోయే డబ్బుదో చెప్పడం సాధ్యం కాదు.

బీమా పొందినవారి మొత్తం పెట్టుబడి పెద్దగా పెరగలేదు. పెట్టుబడి దిశ మారింది. రాబడి ఎక్కువైనా వర్షాభావానికి సులభంగా దెబ్బతినే వాణిజ్య పంటల వైపు వారు మొగ్గారు. చదువుకున్న రైతులలో ఈ మార్పు మరింత స్పష్టం. అంటే పరిహారం అందక ముందే, విత్తే నాటికే బీమా పనిచేసింది. పరిహారం లెక్కలతోనే పథకాలను అంచనా వేసే అలవాటుకు ఇది సవరణ.

ఈ ఫలితాన్ని డెల్టాకు యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు. గుణదలలో ఏలూరు, రైవస్ కాలువలు పక్కపక్కనే సాగుతూ ప్రకాశం బ్యారేజీ నీటిని తూర్పు డెల్టాకు తీసుకుపోతాయి. ఆ కాలువల కింది వరి రైతుకు స్థానిక వర్షాభావం కంటే కోతల నాటి తుఫాను, వరద పెద్ద ముప్పు. ఎగువ పరీవాహకంలో కురిసిన వానను ఇక్కడి వర్షమాపకం నమోదు చేయదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. మైలవరం వైపు కొండల నీటితో బుడమేరు పొంగింది. డెల్టాకు సూచిక కావాలంటే వానతో పాటు నీటి మట్టాన్నీ లెక్కించాలి.

డెల్టాలో మొగ్గు పంటలో కాక రకంలో కనిపించవచ్చు. బీపీటీ 5204కు ధర బాగుంటుంది. కాని దాదాపు 150 రోజుల పంట కావడంతో కోతలు తుఫానుల కాలంలో పడతాయి, చేను పడిపోతుంది, అగ్గితెగులుకు, దోమకు లొంగుతుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు రక్షణ కల్పించే అవకాశం ఉంది. పనల మీద ఉన్న వరికి అది ఎంత అవసరమో డెల్టా రైతుకు వివరించనక్కరలేదు.

మిగిలిన చిక్కు కౌలు. పెట్టుబడి, నష్టభయం రెండూ కౌలుదారువే. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. ఆ పత్రం లేని కౌలుదారుకు పరిహారం తనకే అందుతుందన్న భరోసా ఉండదు. భరోసా లేనప్పుడు బీమా అతని నిర్ణయాన్ని మార్చలేదు. కోల్ తదితరులు 2013లో ప్రచురించిన మరో అధ్యయనంలో పాలసీ గురించి అదనంగా బోధించడం వల్ల కొనుగోళ్లు చెప్పుకోదగినంత పెరగలేదు. రైతు నమ్మే వ్యక్తి పరిచయం చేసినప్పుడు, చేతిలో నగదు ఉన్నప్పుడు పెరిగాయి. విస్తరణ సిబ్బంది బీమా గురించి మాట్లాడవలసిన సమయం నారుమడికి ముందు, రకం ఎంపిక జరిగే రోజులలో; మాట్లాడవలసినది పత్రం మీద పేరున్న యజమానితోనే కాదు, పొలంలో దిగే కౌలుదారుతో కూడా.