చెక్ ఇంజిన్ లైటు: కోడ్ చెప్పేది ఏమిటి, చెప్పనిది ఏమిటి?

పదేళ్లు దాటిన పెట్రోల్ కారు. ఒక రోజు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ తగిలిస్తే పి0171 అనే కోడ్ కనిపిస్తుంది. ఆ తర్వాత చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం." వేల రూపాయలు పెట్టి కొత్తది వేస్తారు, కోడ్ చెరిపేస్తారు, లైటు ఆరిపోతుంది. కొద్ది రోజులకే మళ్లీ వెలుగుతుంది. పాత సెన్సర్ బాగానే ఉందని అప్పుడు తెలిసినా పెట్టిన డబ్బు తిరిగిరాదు.

కోడ్‌ను పాడైన విడిభాగం పేరుగా చదవడం వల్లే ఈ చిక్కు. నిజానికి అది ఒక పరీక్ష ఫలితం మాత్రమే. పొగలోని కాలుష్యాన్ని అదుపు చేసే భాగాల మీద కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, నడుస్తున్నంతసేపూ నిఘా పెడుతుంది. ఈ ఏర్పాటు పేరు ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్, క్లుప్తంగా ఓబీడీ. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2010 ఏప్రిల్‌లో తొలి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. కాబట్టి 2013 తర్వాత తయారైన కారులో స్టీరింగ్ దగ్గర్లో ఉండే 16 పిన్నుల సాకెట్‌కు మామూలు స్కానర్ తగిలించి కోడ్ చదవొచ్చు.

పి0171లో 'పి' అంటే ఇంజిన్, గేరుబాక్సు విభాగం. తర్వాతి 0 అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే కోడ్ అని చెబుతుంది. 1 అంటే గాలి, ఇంధనాల కొలతకు సంబంధించినది. చివరి 71 ఏ పరీక్ష విఫలమైందో తెలుపుతుంది. మొత్తం కలిపితే అర్థం: మిశ్రమంలో ఇంధనం మరీ తక్కువగా ఉంది. మెకానిక్‌లు దీన్నే లీన్ అంటారు. ఇందులో సెన్సర్ పాడైందన్న మాట ఎక్కడా లేదు.

మరి ఇంధనం తక్కువైందని ఈసీయూకు ఎలా తెలుస్తుంది? పొగగొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సర్ వల్ల. దాని గుండెకాయ జిర్కోనియా అనే సిరామిక్. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇది ఆక్సిజన్ అయాన్లను తన గుండా సాగనిస్తుంది. ఒక పక్క బయటి గాలి, అందులో ఆక్సిజన్ 21 శాతం. ఇంకో పక్క పొగ. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.8-0.9 వోల్టులు, మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర. ఈ సెన్సర్ పెట్రోల్‌ను కొలవదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌నే కొలుస్తుంది. ఆక్సిజన్ ఉందంటే ఇంధనం తక్కువైందని ఈసీయూ అనుకుంటుంది, ఇంజెక్టర్లతో కాస్త ఎక్కువ చల్లిస్తుంది. ఈ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. చాలా కార్లలో ఇది 20-25 శాతం దాకా పెరిగినా తేడా సర్దుకోకపోతే పి0171 నమోదవుతుంది.

సెన్సర్ నిజమే చెబుతున్నా ఈసీయూ తప్పుగా అర్థం చేసుకునే సందర్భాలు ఉన్నాయి. ఒక సిలిండర్‌లో స్పార్క్ పడలేదనుకోండి. పెట్రోల్ మండదు, ఆక్సిజన్ ఖర్చు కాదు, రెండూ పొగలోకి వచ్చేస్తాయి. సెన్సర్‌కు కనిపించేది మిగిలిన ఆక్సిజన్ మాత్రమే. దాంతో మండని పెట్రోల్ పోతున్న ఇంజిన్‌కు ఈసీయూ ఇంకా పెట్రోల్ పెంచుతుంది. సెన్సర్‌కు ముందు పొగగొట్టంలో చిన్న పగులు ఉన్నా ఇలాగే జరుగుతుంది. పొగ దెబ్బకీ దెబ్బకీ మధ్య పీడనం పడిపోయినప్పుడు బయటి గాలి లోపలికి దూరుతుంది.

అసలు కారణం ఎక్కడుందో వెతకడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ట్రిమ్ అంకెలు చూపించే స్కానర్ చాలు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి చూడాలి. ఐడిలింగ్‌లో +20, వేగం పెంచితే +3కి దిగిందంటే రబ్బరు పైపు పగిలిందనో, ఇన్‌టేక్ ప్యాకింగ్ పోయిందనో అనుమానించాలి. సందులోంచి దూరే గాలి ఐడిలింగ్‌లో పెద్ద వాటా, వేగం పెరిగాక చిన్న వాటా. మన ఎండలకు పదేళ్ల రబ్బరు బీటలు వారడం వింతేమీ కాదు. అలా కాక ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి, లోడు పెరిగే కొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ ఫిల్టర్, పంపు వైపు చూడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సలహా ఎక్కువగా ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లకు వర్తిస్తుంది. మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి అది ఉండదు, మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. గాలి దూరితే పీడనం పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టే ఇంధనం పెంచుతుంది. అప్పుడు లీన్ కోడ్ రాకపోవచ్చు, ఐడిలింగ్ మాత్రం పెరిగి ఊగిసలాడుతుంది. ఇంటర్నెట్ వీడియోలు చూసి బోల్టులు విప్పేముందు మీ కారులో ఏ సెన్సర్ ఉందో తెలుసుకోండి.

పాత కార్లకు ఇప్పుడు ఇంకో అంశం తోడైంది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని చేరుకున్నట్లు 2025లో ప్రభుత్వం ప్రకటించింది. కిలో పెట్రోల్ మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి కిలోకు 9 కిలోలు చాలు. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ పడుతుంది. లీటర్లలో లెక్కేస్తే, శుద్ధ పెట్రోల్‌తో పోల్చితే ఇ20ని 7-8 శాతం, ఇ10తో పోల్చితే 4 శాతం దాకా ఎక్కువ చల్లాలి. కారులో ఏ లోపమూ లేకున్నా ట్రిమ్ ఆ మేరకు పైకి జరుగుతుంది. సగం పూడిన ఫిల్టర్‌తో +16 దగ్గర నెట్టుకొస్తున్న కారు ఇప్పుడు హద్దు దాటొచ్చు. దీనికి ఇంధనాన్ని మాత్రమే తిట్టుకుంటే ఫిల్టర్ అలాగే ఉండిపోతుంది.

లైటు నిలకడగా వెలిగితే కొన్ని రోజుల్లో చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి. అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు గుర్తు. క్రాంక్‌షాఫ్ట్ తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి ఈసీయూ దాన్ని పట్టుకుంటుంది. పి0301 అయితే ఒకటో సిలిండర్, పి0302 అయితే రెండోది. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే, ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన సిరామిక్ కరిగిపోయేంత వేడెక్కవచ్చు. కొన్ని వందల రూపాయల స్పార్క్ ప్లగ్‌తో పోయేది పదుల వేల ఖర్చుకు దారితీస్తుంది.

మెకానిక్ కోడ్ చెరిపేముందు అడగాల్సింది ఒకటుంది: ఫ్రీజ్ ఫ్రేమ్. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, లోడు, ట్రిమ్ ఎంతున్నాయో ఈసీయూ దాచుకున్న వివరాలు అవి. స్కానర్ తెర మీద ఉన్నప్పుడే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కోడ్ చెరిపితే అవీ పోతాయి. చాలా కార్లలో బ్యాటరీ వైరు పీకినా పోతాయి, ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ విలువలు కూడా సున్నాకు వస్తాయి. లోపం నిజంగా సరిచేస్తే లైటును ఎవరూ ఆర్పనక్కర్లేదు. సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నెగ్గితే అదే ఆరిపోతుంది. కోడ్ మాత్రం ఇంజిన్ ఇంకో 40 సార్లు వేడెక్కి చల్లారేదాకా జ్ఞాపకంలో ఉంటుంది.