రన్‌వే దగ్గర బడి: ఎత్తు ఒక్కటే కొలిస్తే సరిపోదు

నిజాం పాలనలో 1930లో మొదలైన వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. దాన్ని మళ్లీ తెరిచేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. విమానాశ్రయాల సంస్థ చేతిలో ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు కేటాయించింది. రన్‌వే పొడవు 2.8 కిలోమీటర్లు ఉండేలా ప్రణాళిక వేశారు.

ఇదే కాలంలో నియోజకవర్గానికో యంగ్ ఇండియా సమీకృత గురుకులం కట్టే పని కూడా నడుస్తోంది. ఒక్కో ప్రాంగణానికి 20 నుంచి 25 ఎకరాలు, సుమారు 200 కోట్లు, 2,560 మంది విద్యార్థులు. 2024 అక్టోబరులో ప్రకటించిన తొలి జాబితాలోనే భూపాలపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నాయి. ఒకే ప్రాంతంలో విమానాశ్రయమూ బడులూ ఒకేసారి లేస్తున్నప్పుడు, బడికి స్థలం ఎంచేటప్పుడు ఏయే లెక్కలు చూడాలో ఇప్పుడే తెలుసుకోవాలి.

20 కిలోమీటర్లు: ఎత్తు లెక్క

2015 కేంద్ర నిబంధనల ప్రకారం విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల వరకు రంగుల జోనింగ్ పటం గీస్తారు. ఏ స్థలంలో ఎంత ఎత్తు కట్టవచ్చో అది చెబుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు మామునూరుకు నేరుగా కొలిచినా దాదాపు 50 కిలోమీటర్లు, ఆపైన దూరంలో ఉన్నాయి. వాటికి ఈ పటంతో పని పడదు. జనగామ జిల్లా జఫర్‌గఢ్ మాత్రం దాదాపు ఆ అంచు వరకు వస్తుంది.

పెద్ద విమానాలు దిగే రన్‌వేకు నాలుగు కిలోమీటర్ల లోపు సాధారణ పరిమితి 45 మీటర్లు. విమానం దిగే దారిలో రన్‌వే చివరికి 60 మీటర్ల అవతల నుంచి ప్రతి 50 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున పరిమితి పెరుగుతుంది. ఆ లెక్కన నేల సమంగా ఉంటే, అక్కడి నుంచి 750 మీటర్ల దూరంలో 15 మీటర్ల ఎత్తున బడి లేపినా ఎత్తు నిబంధన అడ్డు చెప్పదు. సమస్య ఇక్కడే ఉంది. ఎత్తు అనుమతి కాపాడేది విమానాన్ని. లోపల కూర్చున్న పిల్లలకు పాఠం వినబడుతుందా అని అది అడగదు.

35, 50, 65: శబ్దం లెక్క

తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, పగటి పరిమితి 50. విమానాశ్రయాల చుట్టూ వర్తించే 2018 ప్రమాణాలు వేరు. ఏడాదికి 50,000కు మించి విమాన రాకపోకలు ఉన్నచోట పగలు 70, మిగతాచోట్ల 65. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది.

ఉపాధ్యాయుడి గొంతు మీటరు దూరంలో 65 డెసిబెల్స్ అనుకుందాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు తగ్గుతుంది కనుక ఎనిమిది మీటర్ల అవతలి బెంచీకి చేరేసరికి మిగిలేది 47. గోడల ప్రతిధ్వని కొంత కలిసినా, విమానం మీదుగా వెళ్తే ఆ మాట మునిగిపోతుంది. అద్దాల కిటికీ మూస్తే 20 డెసిబెల్స్‌కు పైగా తగ్గుతుంది, తెరిస్తే పదో పదిహేనో. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టే మన ఎండల్లో ఏసీ లేని గదికి కిటికీ మూయమని ఎవరు చెప్పగలరు?

2 నెలలు: చదువు లెక్క

బ్రిటన్‌లోని హీత్రూ, నెదర్లాండ్స్‌లోని షిపోల్, స్పెయిన్‌లోని బరాహాస్ విమానాశ్రయాల చుట్టూ 89 బడుల్లో 9–10 ఏళ్ల పిల్లలు 2,844 మందిని పరిశోధకులు పరీక్షించారు. 2005లో ఫలితాలు వచ్చాయి. విమాన శబ్దం ఐదు డెసిబెల్స్ పెరిగినచోట చదివే సామర్థ్యం బ్రిటన్‌లో రెండు నెలలు, నెదర్లాండ్స్‌లో ఒక నెల వెనకబడింది. మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచారు. పాతచోటి పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మెరుగయ్యాయి. కొత్తచోటి పిల్లలవి తగ్గాయి. పిల్లల్లో లోపం లేదనీ, శబ్దం ఆగితే నష్టం పూడుతుందనీ ఇది చెప్పింది.

శబ్దం సంగతి అటుంచితే, విమానం కూలే ప్రమాదం అరుదే. అయినా 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం వైద్య కళాశాల హాస్టల్ మీద పడి, నేల మీద ఉన్న 19 మంది కూడా చనిపోయారు. ఆ జూలైలోనే ఢాకాలో యుద్ధవిమానం ఒక బడి మీద కూలి పిల్లల ప్రాణాలు తీసింది.

3.7 కిలోమీటర్లు: మనకు కావలసిన గీత

కాలిఫోర్నియాలో రన్‌వేకు రెండు నాటికల్ మైళ్ల లోపు, అంటే 3.7 కిలోమీటర్ల లోపు బడికి స్థలం కొనాలంటే ముందు రాష్ట్ర రవాణా శాఖ పరిశీలించాలి. ప్రణాళికలో ఉండి ఇంకా వేయని రన్‌వేకూ ఈ దూరం వర్తిస్తుంది. ఆ శాఖ వద్దంటే రాష్ట్ర నిధులు రావు.

మామునూరుకు ఇలాంటి గీత ఇప్పుడే గీయాలి. ఉమ్మడి వరంగల్ పిల్లలు చదివే జవహర్ నవోదయ విద్యాలయం మామునూరులోనే ఉంది. అది ఆశ్రమ పాఠశాల కనుక పిల్లలకు రాత్రి నిద్ర కూడా ముఖ్యం. అక్కడ విమానాలు రాకముందే ఒకసారి, వచ్చాక ఏటా శబ్దం కొలవాలి. అవసరమైనచోట రేకుల కప్పు తీసి స్లాబు వేయాలి, రెండు పొరల అద్దాలు, గాలి ఆడే ఏర్పాటు చేయాలి. కొత్త ప్రభుత్వ, ప్రైవేటు బడులకు అనుమతి ఇచ్చేముందు రన్‌వే రెండు చివరల దిశలో శబ్ద పటం చూడాలి.

విమానాశ్రయం ఈ ప్రాంతానికి కావాలి, బడీ కావాలి. జనగామ నుంచైనా, మహబూబాబాద్ నుంచైనా, భూపాలపల్లి నుంచైనా మీ బిడ్డను వరంగల్ వైపు బడిలో చేర్చే ముందు రన్‌వే ఎంత దూరమో, గదిలో ఎన్ని డెసిబెల్సో అడగండి. అధికారులు స్థలం ఖరారు చేసే ముందే ఆ జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి.