మా హాల్లో ఒక సముద్రం!

2020 వేసవి. సినిమా హాళ్ళకి తాళాలు పడ్డ రోజులు! మొదటిరోజు మొదటి ఆట చూడకపోతే అన్నం సయించని నాబోటివాడికి అది ఎంత నరకమో మీకు వేరే చెప్పాలా?

నేను ఉండేది అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో. మామూలు రోజుల్లో ఇక్కడ తెలుగు సినిమాకి కరువు లేదు. ఆ ఏడు మాత్రం ఇంట్లో టీవీయే గతి. ఆ టీవీ మీద పెత్తనమేమో మా అమ్మాయిది. అప్పటికి దానికి ఆరేళ్ళు. చూసిన సినిమానే మళ్ళీ మళ్ళీ చూసే వయసు. ఆ వేసవంతా మా ఇంట్లో ఆడిన బొమ్మ ఒక్కటే - 2003లో పిక్సార్ వాళ్ళు తీసిన 'ఫైండింగ్ నీమో'. రోజుకి రెండాటలు, ఆదివారం మూడాటలు!

ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "నాన్నా! నా పుట్టినరోజుకి నీమో కావాలి" అన్నది.

"బొమ్మే కదా, కొందాంలే" అన్నాను.

"బొమ్మ కాదు. ఈదే నీమో!"

సరే అన్నాను. ఇచ్చిన మాట కోసం ప్రాణమిచ్చే హీరోల్ని చూసి పెరిగినవాణ్ణి మరి! ఆ మాట ఖరీదు తర్వాత తెలిసింది.

తెనాలిలో మా ఇంట్లో బంగారు చేపల తొట్టి ఉండేది. బావి నీళ్ళు పోసి, నాలుగు గులకరాళ్ళు వేసి, చేపల్ని వదిలితే సరి. ఇదీ అంతేననుకున్నాను. కానీ నీమోది ఉప్పునీటి జాతి. దానికి సముద్రమే కావాలి. సముద్రాన్ని మనమే తయారుచెయ్యాలి!

20 గ్యాలన్ల గాజు తొట్టి కొన్నాను. అంటే 75 లీటర్ల పైచిలుకు. ఇంకా చిన్నది కొందామని చూశాను గానీ, నీళ్ళు ఎంత తక్కువైతే అంత తొందరగా పాడవుతాయట. కొత్తవాళ్ళకి మరీ చిన్న తొట్టి అసలు పనికిరాదు. హీటరు, నీటిని సుళ్ళు తిప్పే పంపు, నీలం కాంతి కలిసిన లైటు, తెల్లటి పగడపు ఇసుక, రంధ్రాల రాళ్ళు ఏడెనిమిది కిలోలు, బకెట్టుడు సముద్రపు ఉప్పు పొడి.... అన్నీ కలిసి 600 డాలర్లు దాటాయి. బిల్లు చూసి మా ఆవిడ, "ఏమండీ, ఈ డబ్బుతో నిజం సముద్రానికే వెళ్ళి రావచ్చు కదండీ!" అన్నది. నిజమే. గాల్వెస్టన్ బీచి మాకు అయిదారు గంటల ప్రయాణం.

కుళాయి నీళ్ళు పనికిరావన్నారు. అందులో క్లోరిన్ ఉంటుంది. గొట్టాల్లోంచి కాస్త రాగి దిగినా నత్తలకీ పగడాలకీ విషమే. అందుకని శుద్ధిచేసిన ఆర్.ఓ. నీళ్ళు తెచ్చి, లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపాను. పుట్టినరోజు ఇంకా మూడు రోజులుందనగా చేపల దుకాణానికి పరిగెత్తాను.

కౌంటరు దగ్గర కుర్రాడు, "మీ ట్యాంకు సైకిలయిందా?" అని అడిగాడు.

సైకిలేమిటో, తొట్టికీ సైకిలుకీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. తెలీదంటే నామోషీ కదా! "ఓ, ఎప్పుడో అయింది" అనేశాను. రెండు చేపలు సంచీలో పెట్టి ఇచ్చాడు.

పుట్టినరోజు నాడు మా పిల్ల మొహం చూడాల్సింది! కేకు కోసిందో లేదో, తొట్టి ముందు కూర్చుంది. పడుకునే దాకా లేవలేదు.

మర్నాడు చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మూడో రోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి పోయాయి.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నువ్వేం చేశావు నాన్నా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం టీవీలో నీమో వెయ్యలేదు. మర్నాడూ వెయ్యలేదు. ఆ వారమంతా వెయ్యలేదు.

గురువు ప్రవేశం

మా చినమావయ్యది భీమవరం దగ్గర. పాతికేళ్ళుగా రొయ్యల చెరువులు. ఏదో మాటల్లో ఫోనులో ఈ సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వాడు.

"ఒరేయ్ అల్లుడూ, చెరువు తవ్విన రోజే పిల్ల వదిలేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదురా! అమ్మోనియా ఎంతుందో చూశావా?"

"చూళ్ళేదు మావయ్యా."

"మరింకేం! చేపల్ని పెంచడం మన చేతుల్లో లేదురా అబ్బాయ్. నువ్వు పెంచాల్సింది నీళ్ళని. నీళ్ళు బాగుంటే అవే బతుకుతాయి."

సైకిలంటే ఏమిటో ఆయన చెబితే గానీ నాకు తెలియలేదు. చేప మొప్పల్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. రాళ్ళలో, ఇసుకలో కాపురముండే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే! ఇంకో రకం బాక్టీరియా వచ్చి దాన్ని నైట్రేటు చేస్తుంది. దానితో అంత ప్రమాదం లేదు. వారానికోసారి కొన్ని నీళ్ళు తీసి కొత్తనీళ్ళు పోస్తే పోతుంది. ఈ బాక్టీరియా కావలసినంత పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనిచ్చింది మూడు రోజులు!

మన సినిమాలాంటిదే ఇదీ. తెర మీద హీరోగారి గంతులు మనకి కనిపిస్తాయి. లైట్‌బాయ్, ట్రాలీ తోసేవాడు, మేకప్ పెట్టె మోసేవాడు ఎవరికి కనిపిస్తారు? కానీ వాళ్ళు రాని రోజున షూటింగ్ ప్యాకప్! నేను హీరోల్ని తెచ్చాను, యూనిట్టుని తేలేదు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి చేపలు లేవు. తొట్టిలో కొద్దికొద్దిగా అమ్మోనియా చుక్కలు వెయ్యడం, రెండ్రోజులకోసారి గాజు గొట్టంలో పరీక్ష చెయ్యడం. మందు వేస్తే నీళ్ళు పచ్చబడితే అమ్మోనియా ఉన్నట్టు, పసుపు రంగుకొస్తే పోయినట్టు. రంగు చూసే పని మా పిల్ల తీసుకుంది. గోడ మీద క్యాలెండర్లో రోజూ ఆ రంగు పెన్సిలుతోనే గీత గీసేది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు కూడా కొన్నాను. ఒక్క చుక్క గాజు మీద వేసి వెలుతురుకేసి చూస్తే అంకె కనిపిస్తుంది. మావయ్య చెరువుగట్టు మీద పట్టుకు తిరిగేది అచ్చం అదే! సాంద్రత 1.025 దగ్గర, వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉంచాలి.

మూడోవారంలో తొట్టంతా గోధుమరంగు బూజు పట్టింది. నా గుండె జారిపోయింది. కొత్త తొట్టికి అది మామూలేనట. డయాటమ్లనే సూక్ష్మమైన నాచు. వచ్చినట్టే పోయింది.

ఇంకో చిక్కు. రోజూ నీళ్ళు ఆవిరవుతాయి కదా, తగ్గినమేర ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చాను. అంకె 1.029కి ఎక్కింది! "ఎండాకాలం చెరువు తగ్గితే ఉప్పు పెరగదట్రా? ఎగిరిపోయేది నీరు, ఉప్పెక్కడికి పోతుంది? మంచినీళ్ళు పొయ్యి!" అని మావయ్య మళ్ళీ చీవాట్లు.

నలభై రెండో రోజున క్యాలెండరు మీద పసుపు గీత పడింది. నైట్రైటు కూడా సున్నా. అక్టోబరులో మళ్ళీ రెండు చేపల్ని తెచ్చాను. సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. అవి తొట్టి బతుకుకీ తిండికీ అలవాటుపడి ఉంటాయి. రెండూ ఒక్క పోలిక! వీడియోకాల్లో చూసిన మా అమ్మ, 1964లో రామారావుగారు ద్విపాత్రాభినయం చేసిన సినిమా గుర్తొచ్చి, 'రాముడు, భీముడు' అని నామకరణం చేసింది. కాస్త పెద్దది భీముడు.

డోరీ కూడా కావాలంది పిల్ల. కుదరదన్నాను. ఆ నీలం చేప అడుగు పొడుగు పెరుగుతుంది. మా తొట్టి దానికి జైలుగది. సినిమాలో నీమో కాపురముండే ఎనిమోన్ కూడా తేలేదు. కొత్త తొట్టిలో అది నిలవదు. పాక్కుంటూ పోయి పంపులో ఇరుక్కుంటుంది. అది లేకపోయినా ఈ చేపలకి లోటేమీ లేదు. మావి హీటరు పక్కన మూలని సొంతిల్లు చేసుకున్నాయి.

నాలుగు నత్తలు, రెండు సన్యాసి పీతలు వచ్చాయి. డిసెంబరులో పగడాలు. పెంచినవాళ్ళ తొట్టిలోంచి కోసిన చిన్న ముక్కలు; బటన్లలా ఉండే జోయాంథిడ్లు, ఆకుపచ్చ పుట్టగొడుగుల్లాంటివి. పొద్దున లైటు వేస్తే నెమ్మదిగా విచ్చుకుంటాయి. ఎంత అందమో! కానీ జోయాంథిడ్లలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లవుజులు లేకుండా ముట్టకూడదు. అవి అంటుకున్న రాళ్ళని మరిగించడమంటే ప్రాణాలతో చెలగాటమే.

ఇది చదివి మీలో ఎవరికైనా ఉబలాటం పుడితే ఒక్కమాట. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే! లక్షద్వీప్‌కో అండమాన్‌కో షికారు వెళ్ళి ముక్క విరుచుకొచ్చినా నేరమే. హేచరీలో పుట్టిన చేపలకైతే ఆ బెడద లేదు. నీమో జాతుల్ని గుడ్డు నుంచి పెంచే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఎప్పుడో సాధించారు. పగడాలు లేకుండా చేపలూ రాళ్ళూ మాత్రమే ఉన్న తొట్టి కూడా కళ్ళకి పండగే.

క్లైమాక్సు

2021 ఫిబ్రవరి 15. టెక్సాస్ అంతా మంచుతుఫాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. వస్తుందిలే అనుకున్నాం. రాలేదు. ఆ మర్నాడు డల్లాస్‌లో చలి సున్నాకి దాదాపు 19 డిగ్రీలు దిగువకి పోయింది! ఇంట్లో స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని ముగ్గురం ఒక్క గదిలో ముడుచుకున్నాం. తొట్టిలో హీటరు లేదు, పంపు లేదు. నీళ్ళు 22కి దిగాయి.

వెచ్చగా ఉంటుందని తొట్టి చుట్టూ, పైనా దుప్పట్లు కప్పేశాను. కాసేపటికి టార్చి వేసి చూస్తే రాముడూ భీముడూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నారు. అదే దృశ్యం! పిల్ల నా వంక చూసింది. ఏమీ అనలేదు.

కారులో కూర్చుని ఫోను ఛార్జింగ్ పెట్టి మావయ్యకి చేశాను.

"పైన దుప్పటి ముందు తియ్యరా! కరెంటు పోతే ముందు అందనిది గాలి. చలి దాని తర్వాతే. చెరువులో ఏరియేటర్లు ఆగితే మేమేం చేస్తాం? నీళ్ళు కొట్టు. చెంబుతో తీసి పైనుంచి పొయ్యి. ఆపకు!"

పరిగెత్తాను. పైదుప్పటి తీసేసి, ప్లాస్టిక్ చెంబుతో నీళ్ళు తీసి జానెడెత్తునుంచి పోయడం మొదలుపెట్టాను. పావుగంటకి చేపలు కిందికి దిగాయి. మా గ్యాసు పొయ్యి పనిచేస్తోంది కనక మా ఆవిడ నీళ్ళు కాచి సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టిలో తేలేసింది. చల్లారగానే మార్చేది. ఆ రాత్రంతా వంతులవారీ డ్యూటీ. మా పిల్లదీ ఒక వంతు. స్టూలెక్కి, చేతికి రబ్బరు గ్లవుజులు, తలకి ఊలు టోపీ, చెంబుతో నీళ్ళు తోడుతూ రాముడికీ భీముడికీ ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. వద్దు పడుకోమంటే వినదే!

ముప్ఫై గంటలకి కరెంటొచ్చింది. పంపు బుస్సుమన్న ఆ చప్పుడు ఏ పాటకీ తీసిపోదు. రెండు నత్తలు పోయాయి. పుట్టగొడుగు పగడం ఒకటి కరిగిపోయింది. జోయాంథిడ్లు పదిరోజులు ముడుచుకునే ఉన్నాయి. పదకొండో రోజు పొద్దున ఒక్క బటను విచ్చుకుంది. మా పిల్ల కేకకి పక్కింటివాళ్ళు తలుపు తట్టారు!

ఆ సాయంత్రం టీవీలో మళ్ళీ నీమో పడింది.

2022 మార్చిలో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చింది. రెండేళ్ళ ఆకలి! అర్ధరాత్రి ఇంటికొచ్చి అలవాటుగా తొట్టిలోకి టార్చి వేశాను. హీటరు పక్క రాతి మీద నారింజరంగు చుక్కలు, వందలకొద్దీ. గుడ్లు! రాముడు వాటికి రెక్కలతో విసురుతున్నాడు. కాపలా కాస్తూ నా మీదికి దూకినవాడు భీముడు. వాడు కాదండీ, ఆవిడ! ఈ జాతిలో అన్నీ మగవిగానే మొదలవుతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది. మన 'భామనే సత్యభామనే' కమల్‌హాసన్‌గారిది మేకప్. ఇక్కడ అసలే మారిపోతుంది. ఆ లెక్కన సినిమాలో తల్లి పోయాక నీమో వాళ్ళ నాన్న అమ్మ కావలసింది!

వారం దాటాక ఒక రాత్రి అవి పొదిగాయి. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. వేరే తొట్టీ, రోటిఫర్లనే సూక్ష్మజీవుల మేతా సిద్ధంగా ఉంటే తప్ప ఆ పిల్లలు బతకవట. మావయ్యకి ఫోను చేసి చెప్పాను.

"అయితే సీడు పోగొట్టావన్నమాట. సర్లే, ఈ జాతి మళ్ళీ పెడుతుంది. ఈసారి ముందే చెప్పు. మేతేం కావాలో నేను కనుక్కుంటాను" అన్నాడు. వెనకనించి అత్తయ్య గొంతు: "భీముడికి పురుడొచ్చిందా? మరి చెప్పరేం!"