కాపలా కరవై నీటి పాలవుతున్న పసిప్రాణాలు

కోల్‌కతా: శిశుమరణాల నివారణ అనగానే టీకాలు, పోషకాహారం, అతిసారానికి చికిత్స స్ఫురించడం సహజం. కాని పశ్చిమ బెంగాల్‌లోని సుందరవనాల్లో, నడక నేర్చిన బిడ్డకు ఇంటి పక్క చెరువే మృత్యుకుహరమవుతున్నది. వీటిని విధిరాతగా సరిపెట్టుకోనక్కరలేదని, పగటిపూట కొద్ది గంటల సంరక్షణ కల్పిస్తే అధికభాగం మరణాలను ఆపవచ్చని పరిశోధనలు తెలుపుతున్నాయి.

కోల్‌కతా కేంద్రంగా 1974లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ చైల్డ్ ఇన్ నీడ్ ఇన్‌స్టిట్యూట్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులతో కలసి ఉత్తర, దక్షిణ 24 పరగణాల జిల్లాల్లోని 19 సుందరవన బ్లాకుల్లో సర్వే జరిపింది. ఇటువంటి మరణాలు పలుమార్లు ఆసుపత్రి, పోలీసు రికార్డులకెక్కవు. అందువల్ల పరిశోధకులు గ్రామస్థులనే సమావేశపరచి వివరాలు రాబట్టి, బాధిత కుటుంబాల వద్ద నిర్ధారించుకున్నారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, 1-4 ఏళ్ల పిల్లల్లో ప్రతి లక్షకు ఏటా సుమారు 244 మంది, 5-9 ఏళ్లవారిలో సుమారు 39 మంది నీట మునిగి మరణించారు.

ఇళ్ల పునాదులు ఎత్తుచేయడానికి మట్టి తవ్విన గుంతలే అక్కడ చెరువులయ్యాయి. స్నానానికి, అంట్లు తోమడానికి, చేపల పెంపకానికి అవే ఆధారం గనుక వాటిని పూడ్చివేయడం సాధ్యం కాదు. పెద్దలు ఇంటిపనుల్లో తలమునకలై ఉండే వేళల్లోనే ప్రమాదాలు జరుగుతున్నాయి.

ఇదే సమస్యకు పొరుగున బంగ్లాదేశ్ కనుగొన్న మార్గం సులభమైనది. ‘ఆంచల్’, అంటే చీరకొంగు, అనే పేరుతో గ్రామాల్లో నెలకొల్పిన కేంద్రాల్లో, శిక్షణ పొందిన స్థానిక మహిళ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు పిల్లలను కనిపెట్టుకుని ఉంటుంది. ఈ కేంద్రాల్లో చేరిన పిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా తగ్గినట్లు అధ్యయనాల్లో తేలింది. దరిమిలా 8,000 కేంద్రాల ఏర్పాటుకు ఆ దేశ ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. సుందరవనాల్లోనూ ‘కవచ్’ పేరిట ఇటువంటి కేంద్రాలు ప్రారంభమయ్యాయి.

మన దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఊరూరా అంగన్‌వాడీలు వెలిశాయి. అయితే అక్కడి పూర్వప్రాథమిక విద్య 3-6 ఏళ్లవారికే పరిమితం. అంతకన్నా చిన్నవారికి అందేది ప్రధానంగా ఇంటికి తీసుకువెళ్లే పోషకాహారమే. ముప్పు అధికంగా ఉన్న వయసులోనే బిడ్డకు కాపలా కొరవడుతున్నదన్నమాట. 2022 నుంచి అమలులోకి వచ్చిన ‘పాల్నా’ పథకంలో, అంగన్‌వాడీలకు అనుబంధంగా ఆరు నెలల వయసు నుంచి పిల్లలను చూసుకునే శిశుసంరక్షణాలయాలకు అవకాశం కల్పించారు. వీటిని నీటి ముప్పున్న గ్రామాల్లో ముందుగా నెలకొల్పడమే వివేకమైన పని.

కేంద్ర ఆరోగ్య శాఖ మునక మరణాల నివారణకు 2023 డిసెంబరులో వ్యూహపత్రం వెలువరించింది. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించగా, వారిలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలువ గట్లనే ఇళ్లున్న గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాలకూ సుందరవనాల అనుభవం వర్తిస్తుంది. చెరువును తొలగించలేకపోయినా, తల్లి పనిలో ఉన్న వేళ బిడ్డను చూసుకునే మనిషిని నియమించడం ప్రభుత్వాలకు అసాధ్యమేమీ కాదు.